జవాబు సరే, ఎట్లొచ్చెరా?

1983 జూన్ 15న శ్రీశ్రీ పోయారు. ఆ వార్త మన కృష్ణగిరికి కర్నూలు బస్సులో వచ్చే పేపరుతో చేరింది. నేను అప్పుడే ఎనిమిదో తరగతిలోకి వచ్చాను. తెలుగు సారు సంతాప సభ పెడతారనీ, ‘మహాప్రస్థానం’ గురించి చెబుతారనీ అనుకున్నాం. ఆయన ఆ శనివారం ఆఖరి పీరియడ్‌లో చంకన ఒక పాత వారపత్రిక పెట్టుకొని వచ్చి, నల్లబల్ల మీద నిలువుగా, అడ్డంగా గీతలు గీశారు. కొన్ని గళ్ళను సుద్దముక్కతో రుద్ది నింపేశారు. కాగితం మీద నల్లగా ఉండాల్సిన గళ్ళు బోర్డు మీద తెల్లగా వచ్చాయి. “శ్రీశ్రీ అంటే ఆవేశం ఒకటే కాదురా, ఇది కూడా ఆయన చేసిన పనే” అన్నారు.

పత్రికలో ఉన్న ఆధారాలు మాకు అందవని ఆయనకు తెలుసు. అందుకని తానే ఒకటి రాశారు: ‘తిరగేసిన పలక వడ్రంగికి పనికొస్తుంది (3)’. బ్రాకెట్లో మూడు అంటే జవాబులో మూడు అక్షరాలు. వెనక బెంచీ నుంచి ఎవరో “చెక్క” అన్నారు. “అది రెండే కదరా” అన్నారు సారు. పలక వెనకవైపు ఏముంటుందా అని నేను ఆలోచిస్తూ ఉండిపోయాను. చివరికి ఒక అమ్మాయి “కలప” అంది. చప్పట్లు కొట్టబోయాం. సారు చెయ్యెత్తి ఆపారు.

“జవాబు సరే, ఎట్లొచ్చె?”

పలక అనే మాటను చివరి నుంచి చదివితే క, ల, ప వస్తుంది సార్ అని ఆ పిల్ల చెప్పింది. సారు బోర్డు మూలన ఆమె పేరు రాసి జవాబుకు ఒక మార్కు, ఎట్లొచ్చిందో చెప్పినందుకు మూడు మార్కులు వేశారు. ఆయన బదిలీ అయ్యేదాకా ప్రతి శనివారం అదే లెక్క. 1983కు ముందు చదివిన అన్నలకు, అక్కలకు ఈ సంగతి తెలియదు కాబట్టి, మన సంఘం యాభై ఏళ్ళ సంచికలో దీనికొక చోటు ఉండాలనిపించి రాస్తున్నాను. సారు పేరు రాయడం లేదు. తన పేరు అచ్చులో చూసుకోవడం ఆయనకు నచ్చేది కాదు. ఆయన దగ్గర చదివినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

గళ్ళలో మాటలు నింపే ఆట పుట్టింది అమెరికాలో. 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ ఆదివారం అనుబంధంలో ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో గళ్ళు గీసి మొదటిది అచ్చువేయించాడు. అందులో ఆధారాలన్నీ సూటిగా ఉండేవి. ఒక మాటకు అర్థం ఇస్తారు, ఆ మాట మనం రాయాలి. అది నిఘంటువు పని. దాన్ని మెలిక ఆటగా మార్చింది ఇంగ్లీషువాళ్ళు. 1926 నుంచి లండన్ ‘అబ్జర్వర్’ పత్రికలో ‘టార్కెమడా’ అనే మారుపేరుతో ఎడ్వర్డ్ పోయిస్ మాథర్స్ ఇచ్చిన గళ్ళలో ఆధారం ఒకటి చెబుతున్నట్టు కనిపిస్తూ ఇంకొకటి చెప్పేది. ఆ పేరు స్పెయిన్‌లో మతం పేరిట జనాన్ని చిత్రహింసలు పెట్టించిన విచారణాధికారిది. పాఠకులను ఏం చేయదలచుకున్నాడో ఆయన ముందే చెప్పేశాడన్నమాట. ఇంకో చిన్న విశేషం: ఈ మాథర్స్ మన బిల్హణుడి ‘చౌరపంచాశిక’ను ఇంగ్లీషులోకి తెచ్చినవాడు కూడా. సంస్కృత శ్లేష రుచి తెలిసిన మనిషి చేతుల్లో ఇంగ్లీషు గళ్ళకు మెలిక పడిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

మెలిక అంటే ఏమిటో ఒక్క ఉదాహరణ. ఇంగ్లీషు ఆధారంలో ‘ఫ్లవర్’ అని కనిపిస్తే అది పువ్వు కానక్కరలేదు. ‘ఫ్లో’ అయ్యేది, అంటే ప్రవహించేది కావచ్చు. జవాబు మల్లె కాదు, గోదావరి. ఇట్లాంటి మెలికలకు హద్దు ఉండాలని పట్టుబట్టినవాడు జిమెనెజ్. ఆయన అసలు పేరు మక్‌నట్, బడిపంతులు. 1966లో ఈ విద్య మీద పుస్తకమే రాశాడు. ఆయన లెక్క ప్రకారం మంచి ఆధారంలో రెండే ఉండాలి: జవాబుకు నిర్వచనం ఒకటి, జవాబును కట్టే మాటల ఆట ఒకటి. ఆ రెండూ కాని మాట ఒక్కటి కూడా ఉండకూడదు. మన సారు ఆ పుస్తకం చూశారో లేదో తెలియదు గానీ, ఆయన ఆధారం ఆ తూకానికి నిలుస్తుంది. ‘తిరగేసిన పలక’ ఆట. ‘వడ్రంగికి పనికొస్తుంది’ నిర్వచనం. అంతే, ఇంకేమీ లేదు.

తెలుగులోకి వద్దాం. 1950లలో ఆంధ్ర వారపత్రికలో శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’ పేరుతో గళ్ళు కూర్చారు. ఆంధ్రపత్రిక అంటే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక చేసిన సంస్థ. తరవాత ఆరుద్ర కూర్చినవాటికి ‘గళ్ళ నుడికట్టు’ అన్న పేరు వచ్చింది. ఈ రెండో పేరు నాకు ఇష్టం, ఎందుకంటే అది చూడగానే అర్థమవుతుంది. మొదటి పేరు ఎందుకు గొప్పదో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ప్రహేళిక అన్నది శ్రీశ్రీ కొత్తగా పుట్టించిన మాట కాదు. అరవైనాలుగు కళల్లో అదొకటి. దండి ‘కావ్యాదర్శం’లో పదహారు రకాల ప్రహేళికలు చెప్పాడు. అక్షరాల వరుస ముందుకూ వెనక్కూ నడిచేదానికి గతప్రత్యాగతం అని పేరు. అక్షరం జారిపోతే అర్థం మారేది అక్షరచ్యుతకం. జవాబు పద్యంలోనే దాగి ఉంటే అంతర్లాపిక, బయటినుంచి తేవలసివస్తే బహిర్లాపిక. ఒకే మాటకు విరుపు లేకుండా రెండర్థాలు వస్తే అభంగ శ్లేష, మాటను విరిచి చదివితే రెండో అర్థం వస్తే సభంగ శ్లేష. పదో తరగతిలో వీటిలో ఒకటో రెండో అలంకారాల పాఠంలో బట్టీ పట్టి, పరీక్ష రాసి, మరిచిపోయాం. ఇంగ్లీషు గళ్ళ పుస్తకాల్లో ఇప్పుడు నేర్పే పద్ధతులన్నీ ఈ పేర్ల కింద ఎప్పుడో ఉన్నాయి. నిన్నటిదాకా మన జిల్లాలోనే ఉన్న నంద్యాలకు సంబంధించిన కవి పింగళి సూరన, పదహారో శతాబ్దంలో ఒకే పద్యంలో రామాయణమూ భారతమూ నడిచేలా ‘రాఘవపాండవీయం’ రాశాడు. ‘కళాపూర్ణోదయం’ అంకితం పుచ్చుకున్న నంద్యాల కృష్ణరాజు ఆయనకు ఆశ్రయం ఇచ్చినవాడు. ఇంత సరంజామా ఇంట్లో పెట్టుకొని, గళ్ళు మాత్రం అమెరికా నుంచి తెచ్చుకున్నాం.

అయితే గళ్ళు తేవడం చిన్న సంగతి కాదని ఇంజనీరుగా నా అభిప్రాయం. పాత ప్రహేళికలో జవాబు తప్పో ఒప్పో చెప్పాల్సినవాడు కవి ఒక్కడే. ఆయన నవ్వితే ఒప్పు, మొహం చిట్లిస్తే తప్పు. గళ్ళలో అట్లా కాదు. రెండు మాటలు కలిసే గడిలో అక్షరానికి ఇద్దరు సాక్షులు, ఒకరు నిలువు నుంచి, ఒకరు అడ్డం నుంచి. మేం లెవెల్ సర్వే చేసేటప్పుడు కొలుచుకుంటూ పోయి, తిరిగి మొదలుపెట్టిన రాయి దగ్గరికే వచ్చి అంకె సరిపోతుందో లేదో చూసుకుంటాం. ఇదీ అదే పని. ఎమ్మిగనూరు మగ్గం చూసినవాళ్ళకు ఇంకా సులభంగా అర్థమవుతుంది. నిలువు పడుగు, అడ్డం పేక. రెండూ ఒకదాన్నొకటి పట్టుకోకపోతే అది బట్ట కాదు, నూలు. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన ఊరు కాబట్టి సారు దాని మీద కూడా ఒక ఆధారం రాశారు: ‘చివర్లో వంద దాచుకున్న నేతగాళ్ళ ఊరు (5)’. ఎ, మ్మి, గ, నూ, రు. చివర నూరు.

ఇంగ్లీషు గడిలో ఒక అక్షరం అంటే ఒక శబ్దం ముక్క. తెలుగు గడిలో గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిపి ఒకే అక్షరం. ‘లక్ష్మి’ రెండు గళ్ళే. దీనివల్ల లాభమూ ఉంది, తిప్పలూ ఉన్నాయి. మన మాటలు గళ్ళలో పొట్టి అయిపోతాయి, రెండు నుంచి ఐదు. అందుకని నల్లగళ్ళు ఎక్కువ పడతాయి. అడ్డంలో ‘కి’ వచ్చి నిలువులో ‘కీ’ కావాలంటే కుదరదు, కూర్పు మొత్తం చెరిపేయాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు మాటల చివరలు. బహువచనమైతే ‘లు’, మగవాడైతే ‘డు’, పాతకాలం మాటైతే ‘ము’. కుడివైపు కింది మూలలో ఏముంటుందో ఆధారం చదవకుండానే రాసేయవచ్చు. నేను అట్లాగే రాసేవాణ్ణి. సారుకు ఆ సంగతి త్వరగానే తెలిసిపోయింది.

ఆయన ఆధారాల్లో నాకు గుర్తున్నవి ఇక్కడ కొన్ని పెడతాను, ఎట్లొచ్చిందో కూడా చెబుతాను. ‘బర్రె ఇస్తుంది, అన్నదమ్ములు పంచుకుంటారు (2)’: పాలు. ‘నాట్లు వేస్తారు, తాకితే పోతుంది (2)’: మడి. ‘గింజలూ కొలుస్తుంది, నీళ్ళూ వదులుతుంది (2)’: తూము. ఈ మూడూ విరుపులేని శ్లేషలు. ‘ఆ పడవ ఎక్కితే పత్తి మార్కెట్టే (3)’: ఆ, దోని. దోని అంటే పడవ, కలిపితే ఆదోని. ఇది విరుపు ఉన్నది. ‘అల్లకల్లోలమైన సాగరం రాగం తీసింది (3)’: సాగరంలో అక్షరాలు చెదిరితే సారంగ. ఇందులో ‘అల్లకల్లోలమైన’ అన్నది సముద్రం వర్ణన కాదు, అక్షరాలు కలబెట్టమని మనకిచ్చిన ఆజ్ఞ. వర్ణన అనుకున్నంతసేపూ జవాబు రాదు. ‘కలుపు తీసేవాళ్ళ వరుస, ఎటునుంచి పట్టినా ఒకటే (3)’: మునుము. దీన్ని ఊళ్ళో ఉద్యోగస్తుల పిల్లలు ఎవ్వరూ చెప్పలేకపోయారు. చేలోకి పోయే పిల్లలు ఒక్క నిమిషంలో చెప్పారు.

మన పడమటి కర్నూలు గళ్ళకు అనువైన నేల. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు దాకా బళ్ళారి జిల్లాలో ఉన్నవి. కన్నడం ఇంట్లో, తెలుగు బడిలో, ఉర్దూ బజారులో, పర్షియన్ మాటలు తహసీలు కచేరీ కాగితాల్లో. ఒకే శబ్దానికి మూడు అర్థాలు మోసే అలవాటు మనకు పుట్టుకతో వచ్చింది. సారు చేసినవాటిలో నాకు బాగా నచ్చినది ఇది: ‘నాగలి గీస్తే గీత, కరణం రాస్తే ఏడాది, మనూరోళ్ళు అంటే ఇంక వద్దు (2)’. సాలు. నాగలి సాలు తెలుగు, లెక్కల్లో సాలు ఉర్దూ నుంచి వచ్చింది, అన్నం వడ్డించేటప్పుడు ‘సాలు సాలు’ అనేది మన యాస.

ఈ సాలు గురించే ఆయన మమ్మల్ని ఎర్రగుడికి తీసుకుపోయారు. పత్తికొండ నుంచి గుత్తికి పోయే దారిలో ఉన్న అశోకుడి శాసనాల బండలవి. తొమ్మిదో తరగతి, ఎండ, సద్దిమూటలు, ఎవరికీ ఒక్క అక్షరం అర్థం కాలేదు. సారు ఒక చోట ఆగి, ఇక్కడ ఉన్న చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, వాటి పక్కవి కుడి నుంచి ఎడమకు చెక్కారని చెప్పారు. గ్రీకులు ఇట్లాంటి రాతకు ఎద్దు మలుపు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మాకు ఆ పేరు అక్కరలేదు. సాలు చివర ఎద్దులు తిరిగి పక్క సాలు పట్టుకొని వెనక్కి రావడం మాలో సగం మంది పొద్దున చూసి వచ్చిందే.

అక్కడ బండ నీడన కూర్చోబెట్టి చెప్పిన కథ నాకు ఇప్పటికీ గళ్ళ ఆటకు అసలైన పాఠంగా అనిపిస్తుంది. బ్రాహ్మీ లిపిని చదవగలిగిన మనిషి వందల ఏళ్ళుగా లేడు. కలకత్తా టంకశాలలో పనిచేసే జేమ్స్ ప్రిన్సెప్ 1837లో దాన్ని విప్పాడు. సాంచీ స్తూపం చుట్టూ ఉన్న రాతికంచె మీద చిన్న చిన్న శాసనాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే రెండక్షరాలతో ముగుస్తున్నాయని ఆయన గమనించాడు. ఒక పుణ్యక్షేత్రంలో, ఒక్కో రాతి మీద, ఒక్కో పొట్టి వాక్యం చివర ఒకే మాట ఏముంటుంది? మన గుళ్ళో గచ్చు రాళ్ళ మీద, ట్యూబులైట్ల మీద ఏముంటుందో అదే. దానం. ఆ ఒక్క మాటతో ద, న, సున్న తేలాయి. ఆ అక్షరాలు ఇంకో చోట కనిపించినప్పుడు అక్కడ సగం మాట తెలిసింది, మిగతా సగం ఊహకు అందింది. ఊహ తప్పయితే పక్క మాట ఒప్పుకోదు. నిలువు, అడ్డం.

“ప్రిన్సెప్ ఊహించినాడు సార్, అంతే కదా” అని నేను అన్నాను. “ఊహించినాడు. ఊహించి ఆగిపోలేదు, ఎట్లొచ్చిందో చూపించినాడు” అన్నారు సారు.

ఊహకూ విద్యకూ మధ్య ఈ తేడా మన దేశంలో కోర్టుదాకా పోయింది. 1950లలో పత్రికల్లో బహుమతి గళ్ళు తెగ నడిచేవి. ఒక గడి ఖాళీగా ఉంచి, రెండు మూడు అక్షరాలు పట్టేలా ఆధారం రాసేవారు. ఏది రాసినా అర్థం కుదురుతుంది. నిర్వాహకుడి పెట్టెలో ఉన్న జవాబుకు సరిపోయినవాడికి వేల రూపాయలు. ప్రవేశ రుసుము కట్టి జనం పోగొట్టుకునేవారు. 1955లో పార్లమెంటు బహుమతి పోటీల చట్టం చేసి, నెలకు వెయ్యి రూపాయలకు మించిన బహుమతులను నిషేధించింది. ఆర్.ఎం.డి. చమార్‌బాగ్‌వాలా అనే నిర్వాహకుడు సుప్రీంకోర్టుకు పోయాడు. 1957లో కోర్టు చెప్పింది ఏమిటంటే, ఈ చట్టం అదృష్టం మీద నడిచే పోటీలకే వర్తిస్తుంది, నైపుణ్యం ప్రధానమైనవాటికి వర్తించదు. ఈ తీర్పు పేరు ఇప్పుడు ఆన్‌లైన్ రమ్మీ కేసుల్లో కూడా వినబడుతుంది. నాకు దాని సారాంశం సారు మార్కుల పద్ధతిలాగే తోస్తుంది. ఎట్లొచ్చిందో చెప్పగలిగితే విద్య, చెప్పలేకపోతే జూదం.

బడులకూ గళ్ళకూ ఉన్న చుట్టరికం గురించి ఇంకొక్క సంగతి. 1944 మే నెలలో లండన్ ‘డైలీ టెలిగ్రాఫ్’ గళ్ళలో యూటా, ఒమాహా, ఓవర్‌లార్డ్ వంటి జవాబులు వరసగా వచ్చాయి. అవన్నీ నార్మండీ తీరం మీద దాడికి పెట్టుకున్న రహస్య సంకేతాలు. కూర్చినవాడు లియొనార్డ్ డావ్, స్ట్రాండ్ స్కూలు హెడ్మాస్టరు. నిఘా అధికారులు వచ్చి ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేశారు. ఆయనకు ఏమీ తెలియదు. 1984లో ఆయన పాత విద్యార్థి ఒకరు అసలు సంగతి చెప్పారు. ఖాళీ గళ్ళలో మాటలు నింపే పని సారు పిల్లలకే ఇచ్చేవారట. బడి పక్క శిబిరంలో సైనికులు మాట్లాడుకునే మాటలను పిల్లలు విని గళ్ళలో రాశారట. ఆధారాలు మాత్రం సారు తరవాత కూర్చుకునేవారు.

మన సారు కూడా తొమ్మిదో తరగతి చివరికి వచ్చేసరికి ఆధారాలు మాచేతే రాయించసాగారు. ఇక్కడ ఒక మిత్రుడి గురించి చెప్పాలి. అతని పేరు కూడా రాయను, అడగకుండా రాయడం బాగుండదు. కార్తీకం దాటితే అతను బడిలో కనిపించేవాడు కాదు. ఇంటిల్లిపాదీ సుగ్గికి పోయేవారు, గుంటూరు వైపు పత్తి తీతకు, మిరప కోతకు. ఎండలు ముదిరాక తిరిగి వచ్చేవాడు, వేళ్ళు ఎర్రగా, గోళ్ళు నల్లగా. సారు హాజరు పట్టీలో అతని పేరు కొట్టేయకుండా ఎట్లానో నెట్టుకొచ్చేవారు. ఆ ఏడు తిరిగొచ్చిన మొదటి శనివారం అతను ఒక ఆధారం రాసి ఇచ్చాడు: ‘మన వలసల్లో దాగిన పెద్ద కథ (3)’.

సారు దాన్ని బోర్డు మీద రాసి కుర్చీలో కూర్చున్నారు. మేం వ్యథ అన్నాం, బాధ అన్నాం, అక్షరాలు సరిపోలేదు. గంట కొట్టేదాకా ఎవరికీ రాలేదు. సారు అతన్నే పిలిచి “నువ్వే చెప్పబ్బీ” అన్నారు. అతను సుద్దముక్క తీసుకొని ‘మన’లో ‘న’ కింద, ‘వలస’లో ‘వల’ కింద ఒకే గీత గీశాడు. నవల. పెద్ద కథ అంటే నవల. మాటల నడుమ దాక్కున్న అంతర్లాపిక. సారు అతనికి నాలుగు మార్కులూ వేసి, బోర్డు తుడవకుండా వెళ్ళిపోయారు. సోమవారం దాకా అది అట్లాగే ఉంది.

నేను ఆ తరవాత ఎన్నో గళ్ళు చూశాను, ఇంగ్లీషువి కూడా. ఆధారం పైకి చెప్పే మాటా, లోపల చెప్పే మాటా రెండూ నిజమైనవి అరుదు. అతను పదో తరగతి పరీక్షకు కూర్చోలేదు. హాల్ టికెట్లు వచ్చేనాటికి వాళ్ళు ఇంకా గుంటూరులోనే ఉన్నారు. మా బ్యాచ్‌లో మార్కుల్లో ముందున్నవాణ్ణి నేను, గళ్ళలో ముందున్నవాడు అతను. ఈ సంచికలో మా బ్యాచ్ ఫొటో ఉంటుంది. అది పదో తరగతి చివర తీసింది కాబట్టి అందులో అతను లేడు.

ఇక నా తప్పు ఒకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే జిల్లాలో ఒక చిన్న కాలువ మీద తూము ఎంత ఎత్తున పెట్టాలో లెక్క నా బల్ల మీదికి వచ్చింది. పాత కాగితంలో ఒక అంకె ఉంది. చూడ్డానికి సరిగ్గానే ఉంది, కొత్త లెక్కకు దగ్గరగా ఉంది. ఎట్లొచ్చిందో చూడకుండా అదే రాసి సంతకం పెట్టాను. కుడివైపు మూలలో ‘లు’ రాసినట్టు. నీళ్ళు వదిలాక తూము గడప కాలువ నీటిమట్టం కన్నా జానెడు పైన తేలింది. దాన్ని పగలగొట్టి మళ్ళీ కట్టేసరికి చివరి పొలాలకు ఆ పంటకాలం నీళ్ళు దాటిపోయాయి. ఒక రైతు ఆఫీసుకు వచ్చి కోపం లేకుండానే అడిగాడు, “అయ్యా, ఈ ఎత్తు ఎట్లొచ్చిందో జర చెప్తారా?” అని. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

మన ఊరి మీద సారు రాసిన ఆధారంతో చివరికొస్తాను. ‘నది పక్కన కొండ పెడితే మన ఊరు (4)’. కృష్ణ, గిరి. ఆ రోజు ఒకడు లేచి “మన ఊళ్ళో కృష్ణ ఎక్కడుంది సార్, హంద్రీ కూడా వానొస్తేనే కదా” అన్నాడు. అందరం నవ్వాం. “మాటలో ఉంది, ప్రస్తుతానికి చాలు” అన్నారు సారు. శ్రీశైలం జలాశయం నుంచి హంద్రీ–నీవా పథకంలో ఎత్తిపోసిన నీళ్ళు ఇప్పుడు కృష్ణగిరి రిజర్వాయరులో నిలుస్తున్నాయి. అవి కృష్ణ నీళ్ళు. మొదటిసారి కట్ట మీద నిలబడి చూసినప్పుడు నాకు ఘనపుటడుగులు గుర్తుకు రాలేదు, బోర్డు మీద సుద్దతో గీసిన నాలుగు గళ్ళు గుర్తొచ్చాయి. సాలుసరి నీళ్ళు అందుతున్నదెందరికి, సుగ్గి బస్సులు ఎన్ని తగ్గాయి అన్నది వేరే లెక్క. కోసిగి, ఆదోని బస్టాండుల్లో దీపావళి దాటాక నిలబడి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ఆంధ్రపత్రిక ఇప్పుడు లేదు. వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆదివారం పేపర్లలో గళ్ళు వస్తూనే ఉన్నాయి. వచ్చే వారం జవాబులు కూడా వేస్తున్నారు. జవాబు ఎట్లొచ్చిందో మాత్రం ఎవరూ వేయడం లేదు. నాకున్న ఫిర్యాదు అదొక్కటే.

స్వర్ణోత్సవ సభకు వచ్చేవారి కోసం మూడు ఆధారాలు ఇస్తున్నాను. మొదటిది సారుది, మిగతావి నావి.

‘బడికి ముందు రమ్మని పిలిస్తే ఆదాయమే (3)’.

‘తోక తెగిన కపిల కొమ్మ మీదికెక్కింది (2)’.

‘దొర ఉన్న చోటే అక్షరమూ ఉంటుంది (2)’.

సభ రోజు మధ్యాహ్నం భోజనాల తరవాత మన పాత ఎనిమిదో తరగతి గదిలో బోర్డు మీద గళ్ళు గీసి ఉంచుతాను. నేను చెప్పిన ఆ మిత్రుడు కూడా వస్తానన్నాడు, మార్కులు వేసేది అతనే. జవాబుకు ఒకటి, ఎట్లొచ్చిందో చెబితే మూడు.